వంగని చెక్కతో వంగే తలుపు

గోడవారగా ఒక పొడుగాటి టేకు సైడ్‌బోర్డు. దాని ముఖమంతా నిలువు గీతలు గీసినట్టు కనిపించే తలుపు. పిడి పట్టుకుని పక్కకు నెడితే ఈ తలుపు మన మీదికి తెరుచుకోదు, పక్కనున్న ఇంకో తలుపు వెనక్కీ జరగదు. మూల దాకా సాఫీగా వెళ్ళి, అక్కడ మలుపు తిరిగి, పెట్టె పక్కగోడ లోపలికి దూరిపోతుంది. వంచితే విరిగే గట్టి చెక్క మూల తిరిగి ఎలా పోయిందా అని ఎవరైనా ఒకసారి ఆగి చూస్తారు. పిల్లలైతే పది సార్లు తెరిచి మూస్తారు.

ఇంగ్లీషులో దీనికి టాంబర్ డోర్ అని పేరు. మనం బద్దల తలుపు అందాం. దీని నిర్మాణం చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. చెక్కను సన్నని బద్దలుగా కోస్తారు. వాటిని పక్కపక్కన పేర్చి వెనక వైపు మందపాటి కాన్వాస్ గుడ్డ అతికిస్తారు. బద్దల రెండు కొసలూ పైనా కిందా ఉన్న గాడుల్లో కూర్చుంటాయి. ప్రతి రెండు బద్దల మధ్యా గుడ్డే మడత బందు. ముప్ఫయి బద్దలుంటే ఇరవై తొమ్మిది బందులు, ఒక్క మేకు లేదు, ఒక్క స్క్రూ లేదు.

మన బజార్లలో కొట్లకుండే షట్టరు దీనికి దగ్గరి చుట్టమే. అందులో గుడ్డ ఉండదు. ఇనుప రేకు పట్టీల అంచులు వంపు తిరిగి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇనుముకు వానాకాలం, ఎండాకాలం అన్న తేడా పెద్దగా తెలియదు కాబట్టి షట్టరు పని కొంత తేలిక. చెక్కకు ఆ తేడా బాగా తెలుసు. బద్దల తలుపు గొప్పదనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. మూల తిరగడం దాని బయటి విద్య. చెక్కకు సహజంగా ఉన్న ఉబ్బే గుణంతో పోట్లాడకుండా దానికి చోటు వదలడం లోపలి విద్య.

వానలు పడగానే మన ఇళ్ళలో తలుపులు బిగుసుకుంటాయి. చెక్క ఉబ్బిందంటాం. నిజానికి చెక్క అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. చెట్టు నిలువునా ఉండే పీచు పొడవున ఆ మార్పు దాదాపు శూన్యం. పీచుకు అడ్డంగానే అసలు కదలిక. అందులోనూ రెండు దిక్కులున్నాయి. వయసు వలయాల వెంబడి వచ్చే మార్పు, వలయాలను కోసుకుంటూ దూట నుంచి బెరడు వైపు వచ్చే మార్పు కంటే చాలా కలపల్లో రెట్టింపు దాకా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం, దూట నుంచి బెరడు వైపు దాదాపు 2.5 శాతం కుంచించుకుపోతుంది. పొడవున అయితే శాతంలో పదో వంతు, రెండు పదో వంతులు, అంతే. మిగతా చాలా కలపలతో పోలిస్తే టేకు నెమ్మదస్తురాలు. అందుకే మనవాళ్ళు ద్వారబంధాలకూ పడవలకూ దాన్ని ఏరుకున్నారు.

చెక్కలోని కణాల గోడలు పట్టుకోగలిగిన నీరు, ఎండిన చెక్క బరువులో సుమారు 30 శాతం. అంతకు మించిన నీరు కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తుంది. దానివల్ల చెక్క కొలత మారదు. ఆ 30 శాతం నుంచి కిందికి దిగేకొద్దీ గోడలు దగ్గరపడతాయి, చెక్క కుదించుకుంటుంది. ఆరబెట్టి, పాలిష్ పెట్టి, ఇంట్లో పెట్టేశాక కూడా ఈ రాకపోకలు ఆగవు. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలి తేమ 80 శాతానికి పోతే చెక్క 16 శాతం దాకా తాగుతుంది. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నాలకూ ఆగస్టు ముసురు రోజులకూ మధ్య తేడా ఇంచుమించు ఇంతటిదే. అయితే చెక్క నిదానంగా తాగుతుంది, నిదానంగా వదులుతుంది. పైన పాలిష్ పొర కూడా అడ్డం పడుతుంది. కాబట్టి ఇంట్లోని సామాను తేమ ఈ కొస నుంచి ఆ కొసకు పోదు. ఏడాదిలో 5 శాతం అటూ ఇటూ మారుతుందని అనుకుని లెక్క వేద్దాం.

600 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే టేకు పలక తలుపు అనుకోండి. వలయాల వెంబడి కోసిన పలకైతే 5 శాతం తేమ మార్పుకు దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తరుగుతుంది. ఆరు మిల్లీమీటర్లంటే తలుపు చట్రంలో ఇరుక్కుపోవడానికి చాలు. ఎండాకాలంలో చీలిక పడడానికీ చాలు. ఇప్పుడు అదే పలకను 20 మిల్లీమీటర్ల చొప్పున 30 బద్దలు చేయండి. ఒక్కో బద్దకు వచ్చే మార్పు 0.2 మిల్లీమీటరు. రెండు కాగితాల మందం. ఏ బద్దా ఇంకోదానికి జిగురుతో అంటుకుని లేదు కాబట్టి చీలిక అన్న ప్రశ్నే రాదు. ఇక బద్దల పొడవు, అంటే తలుపు ఎత్తు, చెక్క పీచు పొడవే. 700 మిల్లీమీటర్ల బద్ద పొడవులో ఏడాదికి వచ్చే తేడా పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అందువల్ల పై గాడికీ కింది గాడికీ మధ్య తలుపు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది. పెట్టె పక్కపలకల పీచు కూడా నిలువుగానే పెడితే ఆ ఎత్తూ మారదు. వానాకాలంలో ఇరుక్కోని చెక్క తలుపు చేయాలంటే ఇంతకంటే మంచి అమరిక నాకు తోచదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. బద్దలు విడివిడిగా ఉన్నా వాటి వెనక గుడ్డ ఒకటే. దాని పొడవు పెద్దగా మారదు. ఎండాకాలంలో బద్దలను సందు లేకుండా బిగించి గుడ్డ అతికించామనుకోండి. వానాకాలంలో ఒక్కో బద్ద ఆ కాస్తంత ఉబ్బుతుంది. 30 బద్దలు కలిసి ఆరు మిల్లీమీటర్ల చోటు అడుగుతాయి. వెనక గుడ్డ ఆ చోటు ఇవ్వదు. దాంతో తలుపు ముందు వైపుకు విల్లులా వంగాలని చూస్తుంది, గాడులు దాన్ని వంగనివ్వవు. చివరికి బద్దల కొసలు గాడి గోడలను ఒరుసుకుంటూ కదలడం బరువవుతుంది. దీనికి మందు అతికించే ముందే వేయాలి. పొడి రోజుల్లో పని చేస్తుంటే బద్దల మధ్య పలచని కాగితం ముక్కలు పెట్టి, గుడ్డ అతికాక తీసేయాలి. ముసురు రోజుల్లో చేస్తుంటే బద్దలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి, ఒకదానికొకటి ఆనించి పెట్టినా ఫరవాలేదు. కాకినాడలో చేసి కరీంనగర్ పంపే తలుపుకూ, కరీంనగర్‌లో చేసి కాకినాడ పంపే తలుపుకూ ఇంతే తేడా.

బద్దల ఎంపిక కూడా అందరూ అనుకునేంత చిన్న విషయం కాదు. వీలైతే మొత్తం తలుపుకు బద్దలన్నీ ఒకే పలక నుంచి రావాలి. అప్పుడే రంగూ గీతా ఒకదాన్నుంచి ఒకదానికి తెగకుండా సాగుతాయి. పలకను కోసినప్పుడు దానిలో అణగి ఉన్న ఒత్తిడి విడుదలై కొన్ని బద్దలు కొరడాలా వంకర తిరుగుతాయి. చెట్టు వాలుగా పెరిగి ఉన్నా, ఆరబెట్టేటప్పుడు తొందరపడ్డా ఈ ఒత్తిడి ఎక్కువ. అందుకని కావలసినన్ని కంటే అదనంగా కోసి, కొన్ని రోజులు గాలి ఆడేట్టు పేర్చి ఉంచి, వంకర పోయినవాటిని నిర్దాక్షిణ్యంగా తీసేయడమే మంచి పద్ధతి. వంకర బద్దను గుడ్డకు అతికించి తిన్నగా చేద్దామనుకుంటే అది గుడ్డనే వంకర చేస్తుంది. కోసిన వరుస చెదరకుండా ఉండాలంటే, కోయకముందే పలక వెనక ఒక మూల నుంచి ఎదుటి మూలకు పెన్సిలుతో వాలు గీత గీయాలి. తరవాత బద్దలు ఎంత కలగాపులగమైనా గీత కలిసేట్టు పేరిస్తే వరుస దొరికిపోతుంది. ఆ గీత చివరికి గుడ్డ కిందికి పోతుంది, ఎవరికీ కనబడదు.

ఇక మలుపు సంగతి. గాడి గుండ్రంగా తిరిగే చోట బద్ద మాత్రం తిన్నగానే ఉంటుంది. వంపులోకి వచ్చిన బద్ద నడిమి భాగం గాడి లోపలి గోడకు ఆనుకుంటుంది, దాని రెండు మూలలూ బయటి గోడ వైపు పొడుచుకొస్తాయి. కాబట్టి గాడి వెడల్పు బద్ద కొస మందం కంటే కొంత ఎక్కువ ఉండి తీరాలి. ఆ ఎక్కువ ఎంత అన్నది పైథాగరస్ సూత్రంతోనే తేలుతుంది. గాడి లోపలి గోడ వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు, బద్ద కొస మందం 6 మిల్లీమీటర్లు అనుకుందాం. బద్ద వెడల్పు 10 మిల్లీమీటర్లయితే అదనంగా కావలసింది 0.22 మిల్లీమీటరు. వెడల్పు 20 అయితే 0.9. వెడల్పు 40 అయితే దాదాపు 3.5. వెడల్పు రెట్టింపయితే కావలసిన సందు నాలుగింతలవుతోంది. వ్యాసార్ధం రెట్టింపు చేస్తే మాత్రం సందు ఇంచుమించు సగానికి తగ్గుతుంది.

చూడ్డానికి వెడల్పు బద్దలు బాగుంటాయని కొందరు వాటికే మొగ్గుతారు. లెక్క మాత్రం సన్న బద్దల పక్షం. గాడి మరీ వెడల్పయితే, తిన్నగా పోయే దారిలో తలుపు గలగలలాడుతుంది. 6 మిల్లీమీటర్ల కొస 9 మిల్లీమీటర్ల గాడిలో నడిస్తే ప్రతి బద్దా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, తలుపు ముఖం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అనుభవమున్న పనివాళ్ళు దీనికి రెండు ఉపాయాలు వాడతారు. ఒకటి, గాడిని తిన్నటి దారిలో ఇరుకుగానే ఉంచి, మలుపు దగ్గర మాత్రమే కొద్దిగా వెడల్పు చేయడం. రెండోది, గాడిలో నడిచే కొసల అంచులను గుండ్రంగా రాయడం. మూలలు గుండ్రమైతే, మలుపులో బద్ద అసలు వెడల్పు కంటే సన్నగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. కాస్త ఉప్పు కాగితం పనే అది, ఫలితం మాత్రం చాలా ఎక్కువ.

మలుపు ఏ వైపు తిరుగుతుందన్నది ఇంకో ప్రశ్న. సైడ్‌బోర్డు మూలలో తలుపు తిరిగేటప్పుడు గుడ్డ వంపు లోపలి వైపు ఉంటుంది, చెక్క ముఖం బయటి వైపు. బద్దల ముఖాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఒకదాన్నొకటి అడ్డుకోవు. అంచులు నిటారుగా కోసి ఉన్నా ఈ మలుపు నడుస్తుంది. కానీ అలా విచ్చుకున్నప్పుడు బద్దల పక్క అంచులు బయటపడతాయి. వాటికి రంగూ పాలిషూ లేకపోతే తెల్లటి పచ్చి చెక్క చారలు కనిపిస్తాయి. అందుకే అంచులకు గుడ్డ అతికించక ముందే పాలిష్ పట్టాలి, తరవాత చేయి దూరదు.

రెండో రకం మలుపు రోల్‌టాప్ రాతబల్లల్లో కనిపిస్తుంది. ఆ బల్ల మూత పక్క నుంచి చూస్తే పాములా మెలిక తిరిగి ఉంటుంది. పై సగం ఒక వైపు వంపు, కింది సగం ఎదుటి వైపు వంపు. ఎదుటి వంపులో చెక్క ముఖాలు లోపలి వైపుకు పడతాయి, అంటే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. 20 మిల్లీమీటర్ల బద్దలు 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మీద ఇలా తిరగాలంటే, పక్కపక్క బద్దల మధ్య కోణం పదకొండున్నర డిగ్రీలు. ప్రతి అంచునూ ముఖం వైపు దాదాపు 6 డిగ్రీలు వాలుగా చిత్రిక పడితే గానీ ఆ వంపుకు చోటు దొరకదు. పాత రోల్‌టాప్ బల్లల బద్దలు ముందు వైపు గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండడానికి ఇదే కారణం. అలంకారంగా కనిపిస్తుంది గానీ అది లేకపోతే మూత కదలదు.

ఈ బల్లల కథ కొంచెం చెప్పాలి. వంపు మూత వెనక్కి జారిపోయే రాతబల్లలు 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో రాజుల గదుల్లోకి చేరాయి. వాటిలో పేరుపడింది 15వ లూయీ రాతబల్ల. 1760లో ఝాఁ ఫ్రాన్స్వా ఓబెన్ మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఆయన దగ్గర పనిచేసిన ఝాఁ హెన్రీ రీసెనర్ 1769లో పూర్తి చేశాడు. అది ఇవాళ వెర్సాయ్ రాజప్రాసాదంలో ఉంది. ఇంగ్లండులో జార్జ్ హెపుల్‌వైట్ పేరుతో 1788లో వెలువడిన నమూనాల పుస్తకంలో టాంబర్ రాతబల్లలకు చోటు దక్కింది. దక్షిణ ఇంగ్లండు నుంచి 1784లో అమెరికా వెళ్ళిన జాన్ సేమోర్, ఆయన కొడుకు థామస్, 1793 నుంచి బోస్టన్‌లో చేసిన బల్లలు నా దృష్టిలో ఈ విద్యకు శిఖరం. వాళ్ళ బల్లల మీద చిన్న నిలువు బద్దల తలుపులుంటాయి, తెరిస్తే పక్కలకు పోతాయి. ఆ బద్దల మీద వేరే రంగు చెక్కతో పూరేకుల తోరణాలు పొదిగారు. తోరణం ఒక్క బద్ద మీద ఉండదు, పది పన్నెండు బద్దల మీదుగా సాగుతుంది. తలుపు మూల తిరుగుతుంటే తోరణం బద్దకో ముక్కగా విడిపోతుంది, మూసేసరికి గీతకు గీత కలుస్తుంది. ఒక్క బద్ద అర మిల్లీమీటరు జారినా ఆ తోరణం తెగినట్టు కనిపిస్తుంది. కరెంటు రంపాలు లేని రోజుల్లో ఆ కచ్చితత్వం చేతితో సాధించారు.

తరవాతి వంద సంవత్సరాల్లో అదే వస్తువు రాజగదుల నుంచి గుమాస్తాల గదుల్లోకి దిగింది. బఫలో నగరపు ఆబ్నర్ కట్లర్ 1880లలో రోల్‌టాప్ బల్లకు పేటెంటు తీసుకున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కాగితాలు ఎక్కడివక్కడే వదిలేసి మూత ఒక్కటి కిందికి లాగితే అంతా కనుమరుగు. కొన్ని బల్లల్లో మూత మూస్తే సొరుగులు కూడా తాళం పడేవి. టైపురైటర్లూ ఇనుప ఫైలు బీరువాలూ వచ్చాక ఆఫీసులకు చదును బల్లలే చాలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం నడుమ, 1950, 60 దశకాల్లో, డెన్మార్క్ పనివాళ్ళు టేకు సైడ్‌బోర్డుల్లో బద్దల తలుపును మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఆ టేకు మన పొరుగున ఉన్న ఆగ్నేయాసియా అడవుల నుంచి వెళ్ళింది.

పనిలోకి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ తలుపులు చెడేది జిగురు దగ్గర. గుడ్డకు రాసిన జిగురు బద్దల మధ్య సందుల్లోకి దిగిందంటే అక్కడ బద్దకు బద్ద అంటుకుపోతుంది. ఒక్క చోట అలా అంటుకున్నా, ఆ రెండు బద్దలూ కలిసి ఒక వెడల్పు బద్ద అవుతాయి. మలుపులో వెడల్పుకు ఎంత సందు కావాలో పైన చూశాం. 20 కాస్తా 40 అయితే ఆ సందు నాలుగింతలు కావాలి. అంత చోటు గాడిలో లేదు. తలుపు అక్కడే ఆగిపోతుంది. గట్టిగా నెడితే బద్ద కొస విరుగుతుంది.

కాబట్టి అతికించే పని ఓపికగా చేయాలి. చదునైన పలక మీద బద్దలను ముఖం కిందికి ఉండేట్టు పేర్చి, రెండు పక్కలా తిన్నటి చట్రం పెట్టి బిగిస్తారు. చట్రం మూల కచ్చితంగా 90 డిగ్రీలుండాలి. లేకపోతే తలుపు మొత్తం ఒక పక్కకు వాలి పుడుతుంది, ఆ వాలు తరవాత సరిచేయలేం. కాన్వాస్ గుడ్డను ముందే ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయాలి. నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుంటుంది. ఉతకని గుడ్డ జిగురు తడికి బద్దల మీదే కుంచించుకుని తలుపును లాగేస్తుంది. నేత పోగులు తలుపు నడిచే దిక్కుకు సరిగ్గా సమాంతరంగా పడాలి. నేత గుడ్డ నిలువున లాగినా అడ్డాన లాగినా సాగదు, ఐమూలగా లాగితే మాత్రం సాగుతుంది. ఏటవాలుగా అతికించిన గుడ్డ రోజూ కొంచెం కొంచెం సాగుతూ తలుపు పై కొసను కింది కొస కంటే ముందుకు పంపిస్తుంది.

జిగురు గుడ్డకు పలచగా, అంతటా సమంగా రాయాలి. బద్దల మీద పోయకూడదు. టేకుకు ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. దానిలో సహజమైన నూనె ఉంటుంది, కోసి వదిలేస్తే అది పైకి చేరుతుంది, జిగురు పట్టదు. అతికించబోయే ముందే వెనక వైపు ఉప్పు కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడవాలి. గుడ్డ పరిచి చిన్న రోలరుతో నొక్కాక, బద్దల కొసల దగ్గర ఒక్కో వైపు ఒక అర అంగుళం గుడ్డ లేకుండా వదలడం మరిచిపోకూడదు. గాడిలోకి చెక్క కొస ఒక్కటే పోవాలి, గుడ్డ పోతే పట్టేస్తుంది. జిగురు పట్టు చిక్కి ఇంకా పూర్తిగా గట్టిపడని దశలో తలుపును చట్రంలోంచి తీసి, ఒక గుండ్రటి డబ్బా మీద వేసి నెమ్మదిగా ఒక్కో సందునూ వంచాలి. సందులోకి దిగిన జిగురు ఏదైనా ఉంటే అప్పుడే చిట్లిపోతుంది. రెండు రోజులాగితే అది రాయి.

ఏ జిగురన్నది పనివాళ్ళ మధ్య తెగని వాదన. ఇప్పుడు ఎక్కువమంది వాడే తెల్ల జిగురు గట్టిది, తేలిక. పాతవాళ్ళు వాడింది పశువుల చర్మాలూ ఎముకలూ కాచి తీసిన జిగురు. వేడి చేసి రాయాలి, త్వరగా గడ్డకడుతుంది, తేమకు ఓర్చుకోదు. అయినా నా ఓటు దానికే. వేడినీళ్ళూ ఆవిరీ తగిలితే అది మళ్ళీ కరుగుతుంది. చెక్క వంద ఏళ్ళు నిలుస్తుంది, గుడ్డ అన్నేళ్ళు నిలవదు. మడత పడే చోటే పోగులు అరుగుతాయి. గుడ్డ మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు బద్దలకు దెబ్బ తగలకుండా పాత గుడ్డను ఒలవగలగాలి. రెండు వందల ఏళ్ళ నాటి బల్లలను మ్యూజియంలలో ఇవాళ బాగుచేయగలుగుతున్నారంటే ఈ కరిగే జిగురే ముఖ్య కారణం.

గాడులు తవ్వేటప్పుడు ఒకే ఒక నియమం. పై గాడీ కింది గాడీ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. విడివిడిగా గీసి తవ్వితే ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా తేడా వస్తుంది. ప్లైవుడ్‌తో ఒకే అచ్చు చేసి, దాని మీదుగా రౌటర్ నడిపి ఒక పలకలో గాడి తవ్వి, అదే అచ్చును బోర్లించి రెండో పలకలో తవ్వితే రెండూ సరిపోతాయి. రౌటర్ లేనివాళ్ళు గాడిని తవ్వక్కర్లేదు, కట్టుకోవచ్చు. ప్లైవుడ్‌ను గాడి లోపలి గీత ఆకారంలో ఒక ముక్క, బయటి గీత ఆకారంలో ఇంకో ముక్క కోసి, మధ్యలో గాడి అంత ఖాళీ వదిలి అడుగు పలకకు అతికిస్తే అదే గాడి. చిన్న కార్ఖానాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. అచ్చులో ఎక్కడా కోణం ఉండకూడదు. తిన్నటి గీత వంపులోకి మెత్తగా కలవాలి, అక్కడ చిన్న గంటు ఉన్నా ప్రతి బద్దా వచ్చి దానికి తగులుతుంది.

తలుపు ఎంత పొడుగో, దాచుకోవడానికి పెట్టె లోపల అంత దారి కావాలి. 1600 మిల్లీమీటర్ల సైడ్‌బోర్డుకు రెండు తలుపులు పెడితే ఒక్కోటి 800. పెట్టె లోతు 450 అయితే పక్కగోడ వెంట దొరికేది 400 మాత్రమే, మిగతా 400 వెనక గోడ వెంట మళ్ళాలి. అంటే రెండు మలుపులు. లోపల పెట్టిన గిన్నెలూ పుస్తకాలూ తలుపు దారిలో పడకుండా ఇంకో పలుచని గోడ కట్టాలి. ఇదంతా పోను పెట్టె లోపల రెండు మూడు సెంటీమీటర్ల లోతు తగ్గుతుంది. బద్దల తలుపు కావాలనుకునేవాళ్ళు ఇది ముందే లెక్కలో వేసుకోవాలి.

మలుపుల సంఖ్యకు ఇంకో వెల కూడా ఉంది. వంపు మీదుగా ఒక గొలుసునో తాడునో జరపాలంటే, ప్రతి మలుపుకూ కావలసిన బలం కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ తేల్చిన సంగతి ఇది. చెక్క మీద చెక్కకు ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక పావు మలుపు దాటేసరికి బలం 1.6 రెట్లవుతుంది. రెండు పావు మలుపులకు 2.6 రెట్లు. మూడింటికి 4 రెట్లు దాటుతుంది. తమాషా ఏమిటంటే ఈ లెక్కలో వంపు పెద్దదా చిన్నదా అన్నది రాదు, మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగింది అన్నదే వస్తుంది. వంపును ఎంత విశాలం చేసినా ఈ భారం తగ్గదు. తగ్గేది ఘర్షణ గుణకాన్ని తగ్గిస్తేనే. గాడిలో మైనం రుద్ది 0.3ను 0.15 చేయగలిగితే, రెండు మలుపుల తలుపు ఒక్క మలుపు తలుపంత తేలిగ్గా నడుస్తుంది. కొవ్వొత్తి ముక్కతో గాడి అడుగూ గోడలూ రుద్దమని మేస్త్రీలు చెప్పే మాటకు వెనక ఇంత గణితం ఉంది. నూనె మాత్రం పోయకూడదు. అది దుమ్మును పట్టుకుని కొన్నాళ్ళకు జిగురులా తయారవుతుంది, చెక్కలోకి ఇంకి కొసలను ఉబ్బిస్తుంది.

పిడి ఉండే ముందు బద్ద మిగతావాటి కంటే వెడల్పుగా, మందంగా ఉండాలి. చేతి బలం మొత్తం మొదట దాని మీదే పడుతుంది. అది వంగితే పై కొస ఒక వేగంతో, కింది కొస ఇంకో వేగంతో కదిలి తలుపు ఐమూలగా పట్టేస్తుంది. ఎత్తు ఎక్కువ, అడ్డం తక్కువ ఉన్న తలుపులకు ఈ జబ్బు ఎక్కువ. అలాంటి చోట పిడిని చిన్న బుడిపెలా కాకుండా బద్ద పొడవునా సాగే పట్టీలా చేస్తే, చేయి ఎక్కడ పట్టుకున్నా నెట్టుడు సమంగా పంచుకుంటుంది. వెడల్పు ఎక్కువైన ఈ బద్ద మలుపు తిరగలేదు. అది మలుపు ముందే ఆగేట్టు గాడిలో అడ్డు పెట్టాలి.

ఇప్పుడు మన నగరాల్లో మాడ్యులర్ వంటగదుల్లో మిక్సీ, ఓవెన్ దాచే అరలకు అల్యూమినియంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన రోలర్ షట్టర్లు వస్తున్నాయి. టీవీ వెనక గోడలకు నిలువు చారల ప్యానెళ్ళు అంటిస్తున్నారు. ఆ చారల అందం బద్దల తలుపును గుర్తుకు తెస్తుంది, కదలిక మాత్రం లేదు. చారలు అంత ఇష్టంగా ఉన్నప్పుడు వాటిలో కొన్నిటినైనా నిజంగా నడిచేట్టు చేయించుకోమని అడగాలనిపిస్తుంది. కావలసిన సరుకు మన దగ్గర ఉంది. టేకు ఉంది, ముతక కాన్వాస్ ఉంది, రౌటర్ ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతోంది. లేనిది చేసి చూపించిన నమూనా ఒక్కటే. మొదటిసారి చేసేవాళ్ళు పెద్ద సైడ్‌బోర్డు జోలికి పోకుండా, 12 మిల్లీమీటర్ల బద్దలతో, ఒకే మలుపుతో, రొట్టెల పెట్టె అంత చిన్నది చేసి చూడడం మేలు. అంత సన్న బద్దలకు గాడి సందు మూడో వంతు మిల్లీమీటరు చాలు.

ఇంకొక్క మాట పెట్టె వెనక పలక గురించి. గాడికి వెనక వైపు ఒక ద్వారం ఉంచి, తలుపును అక్కడి నుంచి లోపలికి ఎక్కించాలి. తరవాత వెనక పలకను జిగురుతో మూసేస్తే తలుపును మళ్ళీ బయటికి తీయడానికి పెట్టె పగలగొట్టాల్సిందే. అందుకని ఆ పలకను స్క్రూలతో మాత్రమే బిగించాలి. ఏడాదికోసారి స్క్రూలు విప్పి, తలుపు బయటికి లాగి, గాడి దుమ్ము దులిపి, మళ్ళీ మైనం రుద్ది ఎక్కిస్తే చాలు. గుడ్డ నలిగిపోయిన రోజున కూడా అదే దారిలో తలుపు బయటికి వస్తుంది. పాత గుడ్డ ఒలిచాక కింద పెన్సిలు వాలు గీత మిగిలి ఉండకపోవచ్చు, కాబట్టి ఒలిచే ముందే ప్రతి బద్ద కొస మీదా అంకె వేసుకోవాలి.